రాండ్రి, తిందాం

గనుల సదస్సు కోసం నేనూ, నాతో పనిచేసే రాజేశమూ బెల్లంపల్లి నుంచి మెక్సికోలోని పాత వెండిగనుల పట్టణం గ్వానహువాటోకు వెళ్లాం. హోటల్లో మూడు మొక్కజొన్న రొట్టెలు ముందుకొచ్చాయో లేదో, పక్క టేబుల్ నుంచి లేచిన పెద్దాయన మావైపు చూసి ఏదో అని నవ్వాడు. తినేవాళ్లను దాటి వెళ్తూ ‘హాయిగా తినండి’ అనడం అక్కడి మర్యాదట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

నా మర్యాద నేను చేశాను. కుర్చీ జరిపి, "రాండ్రి, తిందాం" అని చెయ్యి చూపించాను. మా దగ్గరైతే ఎవరైనా "ఇప్పుడే తిన్న, మీరు తినుర్రి" అని వెళ్లిపోతారు. ఈయన కూర్చున్నాడు! రెండు రొట్టెలు లాగించి, నా భుజం తట్టి వెళ్లాడు.

అంతలో ఇంకొకావిడ మమ్మల్ని దాటుతూ అదే మాట అంది. మిగిలిన ఒక్క రొట్టె మీద రాజేశం చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నా, నీకు దండం పెడత, గీమెను పిలువకే!"