చంకనెక్కి వచ్చిన పిల్లలు

తొంభైల మధ్యలో, ఒక ఆషాఢ మాసంలో, నన్ను హనుమాన్ జంక్షన్ దగ్గరి పల్లె ఉపకేంద్రం నుంచి విజయవాడ వన్ టౌన్‌లోని ఒక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. నా హోదా ఏ.ఎన్.ఎం. గర్భిణులను, బాలింతలను, పిల్లల టీకాలను చూసుకుంటూ ఇంటింటికీ తిరిగే నర్సు అన్నమాట. నా పైన సూపర్‌వైజరు, ఆమె పైన మెడికల్ ఆఫీసరు. నేను బడికి వెళ్లి చదివినదాన్ని కాను. అమ్మే ఇంట్లో చదివించి మెట్రిక్ ప్రైవేటుగా రాయించింది. అలాంటిదానికి ఇన్నేళ్ల సర్కారు కొలువు దక్కడం దుర్గమ్మ దయ అని ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను.

పల్స్ పోలియో అప్పుడే మొదలైంది. పద్ధతి ఇలా ఉండేది. ఆదివారం బూత్ పెట్టి, వచ్చిన పిల్లలందరికీ రెండేసి చుక్కలు వేసి, ఎడమ చిటికెన వేలి గోరు మీద మార్కర్‌తో నల్లగా గుర్తు పెట్టాలి. ఆ తర్వాతి రోజుల్లో ఇల్లిల్లూ తిరగాలి. ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే గోడ మీద సుద్దతో 'పి' అని, ఒక్కరు మిగిలినా ఇంటూ గుర్తు వేయాలి. ఇంటూ పడిన ఇంటికి మళ్లీ వెళ్లాలి. మందు చల్లగా ఉండాలి కాబట్టి భుజాన నీలం పెట్టె, దాన్నిండా ఐస్ ప్యాక్‌లు.

ఆ రోజుల్లో వన్ టౌన్ సందుల్లో మధ్యాహ్నం పూట గడియ పెట్టిన తలుపు నేను చూసింది తక్కువ. గుమ్మంలో నిలబడి "అమ్మా, చుక్కలమ్మా" అంటే వంటింట్లోంచే "లోపలికి రండి" అనేవారు. ఐస్ కరిగిపోతే ఫ్రిజ్ ఉన్న ఇంట్లో పెట్టుకోమనేవారు. తల్లి బజారుకు వెళితే బిడ్డ పక్కింట్లో ఉండేది. పక్కింటివాళ్లూ బయటికి వెళితే ఎదురింట్లో. పిల్ల ఎక్కడుందని వెతకడం మా పనిలో భాగమే కాదు.

మా బూత్ వెనక వీధిలో సుబ్బమ్మగారని ఒకావిడ ఉండేవారు. నేతవాళ్ల కుటుంబం. భర్త ఉన్నన్నాళ్లు చీరల మూటలు కొట్లకు వేసేవాడు. ఆయన పోయాక ఆవిడ అరుగు మీద కూర్చుని చీర కొంగులకు కుచ్చులు కట్టేది. బూత్ ఆదివారం మాత్రం చీరలు పక్కన పెట్టి, వీధిలో పిల్లలను చంకన ఒకణ్ణి, వేలు పట్టించి ఇద్దర్ని విడతలు విడతలుగా తెచ్చేది. ఒక్కరూ ఆవిడ పిల్లలు కారు.

"ఇదిగో సిస్టరమ్మా, నోరు తెరిపించటం నా వంతు, చుక్కలెయ్యటం నీ వంతు. ఒరేయ్, ఉమ్మావో మీ అమ్మ చేత కాదు, నా చేత దెబ్బలు తింటావు" అనేది. ఆవిడ పిల్లవాణ్ణి తీసుకెళ్లే తీరు కూడా ఒకటే. గుమ్మం ముందు నిలబడి "పిల్లాణ్ణి చుక్కలకి తీసుకెళ్తన్నానే!" అని కేక వేసి, జవాబు కోసం చూడకుండా ఎత్తుకుని వచ్చేయడం. జవాబు అక్కర్లేదు కూడా. అప్పటి తల్లులకు ఆ కేక చాలు.

నేను రిటైరయ్యే ముందు సంగతి ఇది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని అందరి ఫోన్లలోనూ వీడియోలు తిరుగుతున్న రోజులు. మా బూత్ రామమందిరం వరండాలో ఉంది. సుబ్బమ్మగారు ఎప్పటిలాగే వచ్చింది, చంకలో రెండేళ్లవాడితో. ఎదురింట్లోకి కొత్తగా అద్దెకు దిగిన లావణ్య కొడుకు. లావణ్య గవర్నర్‌పేటలో బట్టల షాపులో పనిచేసేది. చుక్కలు వేసి, గోరు మీద గుర్తు పెట్టాను. వాడు మేం కట్టిన బుడగ కావాలని పేచీ మొదలెట్టాడు. ఏడుస్తున్నవాణ్ణి ఆవిడ అలాగే ఎత్తుకుని వెళ్లింది.

కాసేపటికి సందు మలుపులో అరుపులు వినపడ్డాయి. మందు పెట్టె అంగన్‌వాడీ టీచరుకు అప్పగించి వెళ్లాను. సుబ్బమ్మగారి చుట్టూ జనం. ఇద్దరు కుర్రాళ్లు బండి అడ్డంగా పెట్టారు. ఒకడు ఆవిడ భుజం పట్టుకున్నాడు, ఇంకొకడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"ఎవరి పిల్లాడే ముసల్దానా?"

"మా వీధి పిల్లాడు నాయనా."

"పేరేంటి?"

"బుజ్జిగాడు."

"అసలు పేరు చెప్పు."

"ఏమో నాయనా. బుజ్జిగాడనే అంటాను."

"చూశారా, పేరు కూడా తెలీదంట!"

ఆవిడ ఏ పిల్లవాడి పేరూ అడిగి ఎరగదు. ఆ వీధిలో మగపిల్లలందరూ బుజ్జిగాళ్లు, ఆడపిల్లలందరూ చిట్టితల్లులు. ఎవరో వెనకనుంచి ఆవిడ జుట్టు పట్టి లాగారు. ముడి ఊడిపోయింది. ఆవిడ రెండు చేతులూ పిల్లవాడి చుట్టూనే ఉన్నాయి.

నేను మధ్యలోకి వెళ్లి ఐడీ కార్డు చూపించాను. పిల్లవాడి చిటికెన వేలు పైకెత్తి, "ఈ గుర్తు ఇప్పుడే నేను పెట్టాను, ఈవిడే నా దగ్గరికి తెచ్చింది" అని అరిచాను. చేతులు వదిలారు కానీ నమ్మినట్టు లేరు. ఇంతలో లావణ్య చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి కొడుకును లాక్కుంది.

"అడక్కుండా ఎలా తీసుకెళ్తారండీ?" అంది.

"కేకేసి చెప్పానే తల్లీ."

"మిక్సీ వేస్తున్నా. నాకేం వినపళ్లా."

లావణ్యను నేను తప్పు పట్టను. ఆ వీడియోలు చూసిన ఏ తల్లయినా అంతే అడుగుతుంది. పిల్లవాడు కనపడని ఆ కాసేపు ఆమె ఎలా ఉందో ఆమెకే తెలుసు. జనం చెదిరిపోయారు. క్షమించమన్నవాళ్లు ఎవరూ లేరు. సుబ్బమ్మగారు జుట్టు ముడి వేసుకుని నడిచి వెళ్లిపోయింది. ఆ రోజు ఇంకో విడత రాలేదు. మెడికల్ ఆఫీసరుగారు సంగతి విని, ఇకమీదట ఇంట్లోవాళ్లు తెస్తేనే చుక్కలు వేయాలన్నారు. అది సరైన ఆదేశమే.

తర్వాతి రౌండ్‌లో ఇంటింటికీ తిరుగుతూ ఆ వీధికి వెళ్లాను. లావణ్య డ్యూటీకి వెళ్లింది. లోపల ఆమె అత్తగారు. "మా కోడలు లేనప్పుడు ఎవరికీ తలుపు తియ్యొద్దందండీ" అంది గ్రిల్ వెనకనుంచి. సుబ్బమ్మగారు ఎదుటి అరుగు మీద కుచ్చులు కడుతోంది. మీరొక మాట చెప్పండి, తీస్తారు అన్నాను.

"నేనెవర్నమ్మా చెప్పటానికి?" అంది, చూపు కొంగు మీదనుంచి ఎత్తకుండా.

పిల్లవాడు గ్రిల్‌లోంచి చెయ్యి చాపి "మామ్మా" అని పిలిచాడు. ఆవిడ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ దారం మెలిపెట్టసాగింది. నేను గోడ మీద ఇంటూ గుర్తు వేశాను. ఆ వీధిలో అంతకుముందెప్పుడూ వేయని గుర్తు అది. ఆ రోజు ఇంకా చాలా ఇళ్లకు వేశాను.

సాయంత్రం లావణ్య వచ్చాక వాడికి చుక్కలు పడ్డాయి. భగవంతుడి దయవల్ల మా కేంద్రం పరిధిలో నేనున్నంతకాలం ఏ బిడ్డకూ పోలియో రాలేదు. ఆ గౌరవం మాకే దక్కింది, ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అందులో సగం జీతం లేనివాళ్లు చేసిన పని అని నాకు తెలిసింది, ఆ పని ఆగిపోయాక. ఆ సగం ఎటుపోయిందని ఏ సమీక్షలోనూ ఎవరూ అడగలేదు. నేను మాత్రం ఆ ఒక్క వీధికి అదనంగా ఒక టీమ్ కావాలని సూపర్‌వైజరును అడిగాను. ఇచ్చారు. ఇద్దరు మనుషులు, ఒక పెట్టె. వాళ్లకు సాయంత్రం దాకా పట్టేది.