బంద్ రోజు చూసిన విశ్వవిద్యాలయం

బాచుపల్లిలో ఉండే మా తమ్ముడి కూతురికి ఈ ఏడు రెండు పేరున్న విశ్వవిద్యాలయాల్లో సీటొచ్చింది. పోయిన ఆదివారం సోఫాలో నా పక్కన కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఫోన్‌లో రెంటినీ పక్కపక్కన పెట్టి, హాస్టల్ తిండి దగ్గర్నుంచి ఉద్యోగాల దాకా బేరీజు వేస్తోంది. "నువ్వెట్లా తేల్చుకున్నావత్తా?" అంది. మా నాన్న స్కూటర్ తేల్చిందందామనుకున్నాను గానీ, పూర్తిగా వినే ఓపిక దానికెక్కడిది? మీకుంటుందని చెప్తున్నాను.

అప్పుడు మేం చందానగర్‌లో ఉండేవాళ్లం. మాది కడప జిల్లా. హైటెక్ సిటీ చుట్టూ అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో నాన్న ప్లాట్లు అమ్మిపెట్టే పని మీద ఇటొచ్చి స్థిరపడ్డారు. నాకు ఎం.ఏ. చరిత్రలో రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి మాకు దగ్గర్లోనే, గచ్చిబౌలి వైపు, బండరాళ్ల మధ్య ఉండేది. పెద్ద లైబ్రరీ, పరిశోధనకు పేరు, పరీక్షలు చెప్పిన రోజునే జరుగుతాయి. రెండోది ఊరికి అటు చివర, రాతి భవనాల పాత విశ్వవిద్యాలయం. దక్కన్ చరిత్ర చెప్పడంలో అక్కడి మాస్టార్ల తర్వాతే ఎవరైనా. నా మనసంతా దాని మీదే. కానీ తెలంగాణ ఉద్యమానికి అదే గుండెకాయ. రోజూ టీవీలో పరుగులు, పొగ, లాఠీలు. నోరు తెరిస్తే చాలు సీమ యాస బయటపడే దాన్ని, అక్కడెలా నెగ్గుకొస్తానని లోపల ఒకటే దడ. సోమవారంలోగా ఏదో ఒకదాంట్లో చేరాలి.

నాన్నకు చదువుల సంగతి తెలియదు, స్థలాల సంగతి తెలుసు. ఏ ప్లాటైనా వానలో ఒకసారి చూస్తే గానీ ఎవరికీ కొనిపెట్టేవారు కాదు. కాలేజీలూ అదే పద్ధతిలో చూడాలన్నారు. ముందు రాళ్ల విశ్వవిద్యాలయానికి వెళ్లాం. నెమళ్లు, చెరువు, చల్లటి గాలి. నాన్న ప్రహరీ గోడ వెంట నడిచి, "ఏ లిటిగేషనూ లేని ప్లాటు మాదిరి ఉండాదిమ్మా," అని తెగ మెచ్చుకున్నారు. నా ప్రాణం ఉసూరుమంది. "రెండోదాన్ని బంద్ నాడు చూద్దాం పా. మామూలు రోజున ఏదైనా బాగానే ఉంటాది," అన్నారు. ఆ గొడవ చూస్తే నేనే వద్దంటానని ఆయన ధీమా. అమ్మ మా ఇద్దర్నీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

బంద్ నాడు మాకు దగ్గరి హఫీజ్‌పేట్ స్టేషన్‌లో రైళ్లు ఆగిపోయాయి. స్కూటర్ మీదే సందులన్నీ తిరిగి వెళ్లాం. దారి పొడుగునా "నువ్వు మాట్లాడొద్దు, నేనూ మాట్లాడను" అని ఒకటే పాఠం. తీరా వెళ్తే క్లాసుల్లేవు, రోడ్డు మీద వంటావార్పు. ఆ రోజుల్లో అదొక నిరసన పద్ధతి. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తింటారు. గరిటె పట్టుకున్న అమ్మాయి మమ్మల్ని చూసి, "ఏ ఊరు పెద్దనాయనా మీది?" అంది. నాన్నకు అబద్ధం రాదు. "కడప," అన్నారు సగం మింగేస్తూ.

"గట్లనా? అయితే మా పప్పుల ఏసిన కారం మీకు ఆనదు. జర రుచి చూసి చెప్పుండ్రి," అంటూ ఆ అమ్మాయి ఆయన అరచేతిలో ఇంత పప్పు వేసింది. నాన్న రుచి చూసి, "కారం సరిపోయిందమ్మా, ఉప్పే మరిచినట్టుండారు," అన్నారు. అందరూ నవ్వారు. కాసేపటికి నాన్న వాళ్ల మధ్య చతికిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నారు.

ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "నువ్వేంది, ఏం మాట్లాడవ్?" అంది. అంతే, నాన్న చెప్పిన పాఠం మరిచిపోయాను. మా సీమ మాత్రం ఏం బాగుపడిందని అడిగాను. తను నీళ్ల గురించి, కొలువుల గురించి చెప్పింది. నేను ఒప్పుకోలేదు. తనూ తగ్గలేదు. విస్తళ్ల ముందు కూర్చున్నా వాదన ఆగలేదు. "మీ బిడ్డ గట్టిదే పెద్దనాయనా," అంటూ నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది.

తిరిగొచ్చేటప్పుడు నాన్న స్కూటర్ వేగం పెంచారు. ఇక ఒప్పుకోరనే అనుకున్నాను. చందానగర్ మార్కెట్ దగ్గర బండి ఆపి, వెనక్కి తిరగకుండానే, "నాకు భయమేమ్మా. అయినా ఆడే చేరు. నువ్వట్ల మాట్లాడంగా నేనింతవరకూ చూళ్లేదు," అన్నారు.

చేరాను. బంద్‌లతో, వాయిదాలతో నా రెండేళ్ల చదువు మూడేళ్లకు సాగింది. రాళ్ల విశ్వవిద్యాలయంలో చేరిన స్నేహితురాలు సమయానికి పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరిన రోజు నేను కుళ్లుకుని ఏడ్చాను. క్లాసుల్లేని రోజుల్లో నాన్న స్కూటర్ వెనకెక్కి ప్లాట్ల చుట్టూ తిరిగేదాన్ని. దారంతా రాష్ట్రం గురించి ఇద్దరం అరుచుకుని, మిర్చి బజ్జీలు తిని ఇంటికొచ్చేవాళ్లం. నా చేతికి పట్టా వచ్చిన కొన్నాళ్లకే నాన్న పోయారు. నాకొక ఏడాది దండగైందని అందరూ అంటారు, కానీ ఆ ఏడాదే లేకపోతే నాన్నతో తిరగడానికి నాకు వేరే ఏడాది లేదు.