అరిచే బ్రేకుకు ఆముదం రాసిన మా పెద్దబాపు

నిన్న పొద్దున ఆఫీసులో ఉండగా తమ్ముడి ఫోన్.

"అక్కా, పెద్దబాపు పోయిండు."

ఏ పెద్దబాపు అని అడిగాను. నాకున్నదే ఒక్క పెద్దబాపు. అయినా అడిగాను.

"ఛాతిల నొప్పని దవాఖానకు తీస్కపోతుంటే ఆటోలనే... ఆరాంఘర్ చౌరస్తా గూడ దాటలే."

ఆటోలోనా?

ఎయిర్‌పోర్ట్ కార్గోలో నా ఉద్యోగం. మా ఊరు పక్కనే. కారు కింద పార్కింగ్‌లోనే ఉంది. ఛాతీలో నొప్పి వస్తే నాకెందుకు చెప్పలేదు?

నిన్నటి నుంచి నిద్ర లేదు. టైపింగ్‌లో తప్పులుంటే ఏమనుకోకండి.

మా పెద్దబాపు యాదయ్య గురించి మీలో చాలామందికి తెలియదు. మా నాన్నకు అన్న. నాన్న పోయాక మాకు పెద్దదిక్కు ఆయనే. వ్యవసాయం తప్ప ఇంకో పని ఎరగడు. ఇంట్లో ఏది కిర్రుమన్నా ఆయనకు నిద్ర పట్టదు. తలుపైనా, బోరు హ్యాండిలైనా, మా పాప అమ్ములు సైకిలైనా సరే, ఆముదం సీసా, కోడి ఈక పట్టుకుని తయారు.

నా ఎలక్ట్రిక్ కారు మీకు తెలుసు కదా. సెకండ్‌హ్యాండ్‌ది, చిన్నది. వానాకాలం వస్తే చాలు, పొద్దున మొదటి బ్రేక్ తొక్కగానే ఒకటే కీచు. గల్లీ అంతా నవ్వేది.

"నీ కారొస్తే సప్పుడుండదు, ఆగితే మాత్రం ఊరంతా లేస్తది" అనేవాళ్లు.

మెకానిక్‌కు చూపించాను. ఈ కారుకు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలట, మోటారే స్పీడ్ తగ్గించేస్తుంది. ఆ కరెంట్ మళ్లీ బ్యాటరీకి పోతుంది. ఇక బ్రేకులకు పనేముంది? వాడకుండా చూరులో దోపిన కొడవలిలా డిస్కులకు తుప్పు పడుతుంది.

"జంగు పట్టిందంతే అక్కా. ఖాళీ రోడ్డు మీద నాలుగుసార్లు గట్టిగ బ్రేక్ కొట్టు, పోతది" అన్నాడు.

ఇదంతా పెద్దబాపుకు చెప్పాను. ఆయన నమ్మితేగా!

"ఇనుము ఒర్రుతుందంటే నూనె అడుగుతున్నట్టే బిడ్డా" అన్నాడు.

నేను నవ్వి ఊరుకున్నాను.

తర్వాత ఒకరోజు పొద్దున అమ్ములును బడిలో దింపడానికి హిమాయత్ సాగర్ వైపు పోతున్నాం. రాత్రంతా వాన పడింది. అయినా ఆ రోజు కారు అరవలేదు. అదృష్టం అనుకున్నాను.

దిగుడులో ఎదురుగా లారీ వస్తోంది. బ్రేక్ తొక్కాను.

కారు ఆగలేదు. కుడివైపుకు గుంజింది. నేరుగా లారీ ముందుకు.

అమ్ములు "అమ్మా" అని అరిచింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

బ్రేక్ మీంచి కాలు ఎందుకు తీశానో తెలియదు, భయంతోనే తీసి ఉంటాను. స్టీరింగ్ ఎడమకు తిప్పేశాను. మోటారు కారును వెనక్కి పట్టింది, హ్యాండ్ బ్రేక్ మిగతాది చేసింది. లారీ హారన్ కొడుతూ పక్క నుంచి పోయింది.

మెకానిక్ వచ్చి చక్రం విప్పి, డిస్క్ మీద వేలు రాసి వాసన చూశాడు.

"అక్కా, ఇది ఆముదం లెక్కుంది."

ఎవరి పనో ఇంకొకరు చెప్పక్కర్లేదు. కారు పెట్టే చోట కుడి ముందు చక్రానికి గోడ మూల అడ్డం, ఆయన చేయి అటు పట్టలేదు. అందుకే ఎడమ చక్రానికి మాత్రమే రాశాడు. కుడి బ్రేక్ పట్టి, ఎడమది జారి, కారు అటు తిరిగింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గరే ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇయ్యాల ఒర్రలేదు గదా బిడ్డా?"

నాకు చెప్పబుద్ధి కాలేదు. కానీ అమ్ములు ఆగుతుందా?

"తాతా, నీ నూనెకు బ్రేకు పడలే, మేం లారీ కిందికి పోతుండె!"

పెద్దబాపు ఉన్నచోటే మట్టిలో కూలబడ్డాడు. కాసేపటికి ఆ చిన్నపిల్ల ముందు రెండు చేతులూ జోడించాడు. అది ఆట అనుకుని నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఏం కాలేదు కదా పెద్దబాపూ అని ఎన్నిసార్లు చెప్పానో. వినలేదు.

మర్నాటి నుంచి రోజూ నాకన్నా ముందే కారు దగ్గర ఉండేవాడు. గల్లీ చివర బ్రేక్ తొక్కించేవాడు. కీచుమంటే "ఆఁ, ఇగ పో బిడ్డా" అనేవాడు. ఎండాకాలంలో చప్పుడు లేకపోతే ఆయనకే చెమటలు.

"ఒర్రుతలేదు. ఇయ్యాల బస్సుకు పో" అనేవాడు.

నాకు నవ్వొచ్చేది, భయమూ వేసేది. మనిషి సగమైపోయాడు. తిండి తగ్గింది. నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడని పెద్దమ్మ చెప్పేది.

నిన్న ఆయన పక్కన కూర్చుని పెద్దమ్మను అడిగాను, నాకెందుకు ఫోన్ చేయలేదని.

"చేస్తనన్న బిడ్డా. నా చెయ్యి పట్టుకున్నడు. 'దానికి చెప్పకు, గాబరల బండి ఉరికిస్తది, ఆటో పిలువు' అన్నడు."

వానలో ఆటో దొరకడం ఆలస్యమైంది.

నేను వచ్చి ఉంటే దక్కేవాడా? ఈ మాట రాయాలన్నా భయంగా ఉంది. రేపు ఆ స్టీరింగ్ పట్టుకోవాలన్నా భయంగానే ఉంది.

పెద్దబాపూ, ఆ దినం మాకేం కాలే. ఒంటి మీద గీత గూడ పడలే. అమ్ములు ఇగో, నా ఒళ్లో తల పెట్టి పండుకున్నది. ఊపిరి తీస్తున్నది, నేను చెయ్యి పెట్టి సూసిన.

నువ్వు మమ్మల్ని సంపలేదు పెద్దబాపూ.

ఇగ భయపడకు. నిమ్మళంగ పండుకో.