ఆ పొద్దున ముట్టించిన పొయ్యి

మా అత్త పోయి నాలుగేళ్లయింది. మేడిపల్లి దగ్గర మా ఇంటి వెనుక గోబర్ గ్యాస్ తొట్టి ఉంది. మా వంటింటి పొయ్యి వెలిగేది ఆ గ్యాస్‌తోనే. రోజూ రెండు బర్రెల పేడను నీళ్లతో కలిపి అందులో పోయడం అత్త పని. చేతితోనే కలిపేది. నన్ను ముట్టనిచ్చేది కాదు. "నువ్వు గడ్డలు గడ్డలు ఇడుస్తవు" అనేది.

అత్త పోయిన పొద్దున ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, గ్యాస్ పొయ్యి ముట్టించి, రోజూలాగే అత్తకు చాయ్ పెట్టాను.

శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. ఆ సంగతే నాకు తట్టలేదు. తల్లి చావుకు కోరుట్ల నుంచి ఆటోలో అప్పుడే వచ్చిన మా ఆడపడుచు గడపలో నిలబడి అరిచింది.

"అవ్వను వాకిట్ల పండవెట్టి పొయ్యి ముట్టిచ్చినవా?"

వాకిట్లో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు. నా చేయి పొయ్యి మీట మీదే ఉండిపోయింది. దాన్ని తిప్పాలని కూడా తోచలేదు.

మామ లేచి వచ్చాడు. మంట వంక చూశాడు.

"ఆర్పకు బిడ్డా. గది మీ అత్త కలిపిన పెండనే."

చాయ్ మరిగింది. ఎవరూ తాగలేదు.

మర్నాటి నుంచి పేడ నేనే కలిపాను. తొట్టిలో పోసింది గ్యాస్ కావడానికి నెల దాకా పడుతుంది. ఆమె దినాలకు వచ్చినవాళ్లకు చాయ్ కూడా ఆమె కలిపిన పేడ మంట మీదే కాచాను.

నెల దాటాక ఒక పొద్దున మంట సన్నగా, ఆగి ఆగి వచ్చింది. ఇక ఇది నేను కలిపిన పేడ. గడ్డలు ఉండే ఉంటాయి.

అప్పుడు ఏడ్చాను.