మాట్లాడని పిల్ల మాట్లాడిన మూడు పేజీలు

బడిపిల్లల కౌన్సెలింగ్‌లో పీజీ డిప్లొమాకు సీటొచ్చిందని చెప్పిన రోజు మా నాయన గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోస్తున్నాడు. ఒక చేత్తో గొర్రె దవడ పట్టుకుని, తల తిప్పకుండానే, "ఏ వార్డుకు?" అని అడిగాడు.

కోస్గి పక్క పల్లెల్లో కౌన్సిలర్ అంటే మున్సిపాలిటీలో గెలిచిన మనిషే. నేను కాబోయేది అలాంటి కౌన్సిలర్ కాదనీ, బళ్ళో పిల్లలకు దిగులుంటే విని దారి దొరికేలా చూసే పని అనీ చాలాసేపు చెప్పాను. ఆయన ఆ గొర్రెను వదిలి ఇంకో గొర్రెను పట్టుకునేదాకా విన్నాడు. మర్నాటికి ఊళ్ళో అందరికీ, "మా బిడ్డ ఓట్లు లేని కౌన్సిలర్ అయితాంది" అని చెప్పేశాడు.

ఓట్లు లేకపోయినా పనులు అవుతాయని కొందరు నమ్మారు. దసరా సెలవులకు ఇంటికొస్తే మా వెనక ఇంటి పెదనాయన పొంగే మురుగు మోరీ గురించి చెప్పడానికి వచ్చాడు. అప్పటికి నాకు రెండు నెలల పాఠాలు అయ్యాయి. వచ్చినవాళ్ళకు సలహా ఇవ్వకూడదు, వాళ్ళ మనసులో ఏముందో వాళ్ళ చేతే చెప్పించాలి అన్నది మొదటి పాఠం. సరే చూద్దామని, ఆ మోరీని చూస్తే మీకు ఏమనిపిస్తుంది పెదనాయనా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, వాసనొస్తదనిపిస్తది అని చెప్పి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మాకు పాఠం చెప్పే మేడంది హాలియా అనే ఊరు. మహబూబ్‌నగర్‌లోని మా కాలేజీకి వచ్చి చాలా ఏళ్ళయింది. పాఠం చెప్పేటప్పుడు అచ్చు పుస్తకంలోని తెలుగే మాట్లాడేది. కోపం వచ్చినా, ముచ్చటేసినా ఆమె మాట హాలియా యాసలోకి వెళ్ళిపోయేది. అందుకని ఆమె "ఏందమ్మా" అనగానే మేమంతా నిటారుగా కూర్చునేవాళ్ళం, రాబోయేది కోపమో ముచ్చటో తెలిసేదాకా.

ఆ చదువులో అసలైన పరీక్ష రికార్డు. ఆరు వారాలు ఏదైనా బడికి వెళ్ళి, పదిమంది పిల్లలతో విడివిడిగా కూర్చుని మాట్లాడి, ఒక్కొక్కరి మీద ఒక కేసు రాయాలి. అందులో మాటకు మాట అని ఒక భాగం ఉంటుంది. పిల్ల ఏమంది, నేనేమన్నాను, మళ్ళీ పిల్ల ఏమంది, ఉన్నదున్నట్టు. కేసుకు మూడు పేజీలకు తగ్గకూడదు.

నాకు కోస్గిలో ఆడపిల్లల హైస్కూల్ ఇచ్చారు. ఇంట్లోనే ఉండి రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. ఆటల సామాను పెట్టుకునే గదిని నాకు వదిలారు. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గాలి పోయిన వాలీబాళ్ళు, గోడకు ఎప్పటిదో రంగు వెలిసిన మనిషి గుండె బొమ్మ. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారానికి, నా దగ్గరికి వస్తే లెక్కల పీరియడ్ తప్పుతుందన్న సంగతి పొక్కింది. అప్పటినుంచి వరండాలో వరుస. దిగులు లేనివాళ్ళు టీవీ సీరియళ్ళ నుంచి తెచ్చుకున్నారు. ఒకమ్మాయి తన తల్లికి గతం గుర్తులేదని ఏడ్చింది. ఆ తల్లే మధ్యాహ్నం అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి, కూతుర్ని పేరు పెట్టి పిలిచి మరీ తిట్టింది.

అలా అబద్ధాల్ని ఏరి పారేస్తే తొమ్మిది నిజం కేసులు మిగిలాయి. చివరి వారంలో పదోది చేయాలి. ఆ వారమే భువనగిరిలో ఇల్లున్న నా హాస్టల్ స్నేహితురాలు, అందరం కలిసి అక్కడి కొండ మీది ఖిలా ఎక్కుదాం రమ్మంది. ఇంట్లో కాలేజీ పని అన్నాను. బళ్ళోనూ కాలేజీ పని అన్నాను. కాలేజీలో బడి పని అన్నాను. మూడు రోజులు ఆ నున్నటి బండ మీద గాలికి కొంగులు ఎగరేసుకుంటూ, గుగ్గిళ్ళు తింటూ తిరిగాం. పశ్చాత్తాపం ఏమీ కలగలేదు. కలిగిందని రాస్తే ఇది కూడా ఆ పదో కేసులాంటిదే అవుతుంది.

పదో కేసు తిరుగు బస్సులో పుట్టింది. బొత్తిగా మాట్లాడని పిల్ల అయితే రాయడానికి తక్కువ ఉంటుందని ఎంచుకున్నాను. తొమ్మిదో తరగతి, ఎవరితోనూ పలకదు, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. హాస్టల్‌కు వచ్చి రాయడం మొదలుపెట్టాక మాటకు మాట మూడు పేజీలు నింపాలన్న సంగతి గుర్తొచ్చింది. ఇక తప్పక ఆ పిల్ల చేత నోరు విప్పించాను. మొదటి పేజీలో తలూపింది. రెండో పేజీలో ఒక్కో ముక్క మాట్లాడింది. మూడో పేజీకి వచ్చేసరికి నాకు ఆపడం కష్టమైంది. చివర్లో, "నా మౌనమే నా ఇల్లు మేడం" అనిపించాను. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, రాసి రెండుసార్లు పైకి చదువుకున్నాను.

రికార్డు ఇచ్చిన నాలుగు రోజులకు మేడం పిలిచింది. పదో కేసు తెరిచి ఉంది. మౌనమే నా ఇల్లు కింద ఎర్ర సిరాతో గీత ఉంది. మెచ్చుకోలు గీతే అనుకున్నాను.

"ఈ అమ్మాయిని నేను ఒకసారి చూడాలి. గురువారం మీ బడికి వస్తాను" అంది, అచ్చు పుస్తకం తెలుగులో.

గురువారానికి రెండు రోజులుంది. మర్నాడు పొద్దున్నే కోస్గి బస్సెక్కాను. మాట్లాడని పిల్లను ఎక్కడినుంచి తేవాలో దారంతా ఆలోచించాను. తీరా బళ్ళోకి అడుగుపెడితే, ఎప్పట్లాగే తొమ్మిదో తరగతి గుమ్మం బయట ఒక పిల్ల నిలబడి ఉంది. నేనున్న ఆరు వారాల్లో ఆ పిల్లను తరగతి గదిలో చూసిందానికంటే బయట చూసిందే ఎక్కువ. గొర్రెలు కాసే ఇంటి పిల్ల. సారు బోర్డు మీద రాయడం మొదలుపెట్టగానే ఏదో ఒక తుంటరి పని చేసేది. ముందున్నమ్మాయి జడ బెంచీకి కట్టేయడం, మేకలా అరవడం. బయటికి పంపగానే హాయిగా గోడకు ఆనుకునేది. నా గదికి మాత్రం ఎప్పుడూ రాలేదు. లెక్కల పీరియడ్ తప్పించుకోవడానికి దానికి నా సాయం అక్కర్లేదు.

పక్కకు పిలిచి సంగతి మొత్తం చెప్పేశాను. అబద్ధం రాశాననీ, పెద్ద మేడం వస్తోందనీ, ఒక్క పీరియడ్ మాట్లాడకుండా కూర్చుంటే చాలనీ. ఆ పిల్ల నన్ను చూసిన చూపులో మొదటిసారి కొంచెం గౌరవం కనిపించింది.

"కూసుంట. నాకేమిస్తవు మేడం?"

ఏం కావాలన్నాను.

"లెక్కల సారు నన్ను బోర్డు మీదిది సదువుమనొద్దు. గా మాట సారుకు చెప్పాలె. వారం గాదు, యాడాది మొత్తం."

లెక్కలంటే భయం కాబోలనుకుని సరేనన్నాను. మా నాయన గొర్రె నడక చూసి దాని ఏ కంటికి పొర వచ్చిందో చెప్పేస్తాడు. ఆయన కూతుర్ని నేను. ఆరు వారాలు ఆ పిల్లను చూశాను, పైగా ఈ మాట కూడా విన్నాను. నాకు ఏమీ తట్టలేదు.

గురువారం మేడం వచ్చింది. ఆటల సామాను గదిలో ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది. నేను వాలీబాళ్ళ పక్కన నిలబడ్డాను. మేడం ఏమీ అడగలేదు. పిల్ల ఏమీ చెప్పలేదు. పాఠంలో చెప్పినట్టు మేడం నిశ్శబ్దాన్ని అలా ఉండనిచ్చింది. పిల్ల నేను నేర్పిన దానికంటే బాగా, తల ఒక పక్కకు వాల్చి కిటికీ వైపు చూస్తోంది. పావుగంట, ఇరవై నిమిషాలు. చెమటలు పడుతున్నది నాకొక్కదానికే.

తర్వాత మేడం సంచిలోంచి నా రికార్డు తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"నీ గురించే రాసిందంట. చదువుకో."

పిల్ల నావైపు చూసింది. చదవడమూ ఒప్పందంలో ఉందా అన్నట్టు. నేను ఏ సైగా చేయలేకపోయాను. అది పుస్తకాన్ని ఎత్తి దాదాపు ముక్కుకు ఆనించుకుంది. ఒక్కో వరుసకూ తల ఆ చివరినుంచి ఈ చివరికి కదులుతోంది. మూడో పేజీకి వచ్చేసరికి పుస్తకం ఊగడం మొదలైంది. దాని వెనకాల నవ్వు. ఆపుకోలేక బయటికే నవ్వేసింది.

"ఇది నేను గాదు మేడం. ఇట్లెవరు మాట్లాడతరు?"

నా పని అయిపోయిందనుకున్నాను. మేడం మాత్రం నావైపు చూడనే లేదు. ఆ పిల్ల ముక్కు దగ్గరున్న పుస్తకాన్నే చూస్తోంది. మెల్లగా దాన్ని తీసుకుని, చేతితో గోడ వైపు చూపించింది.

"ఏందమ్మా, అదేం బొమ్మ?"

పిల్ల నవ్వు ఆగింది. కళ్ళు చికిలించి గోడను చూసింది. తర్వాత చాలా ధైర్యంగా చెప్పింది.

"ఇండియా మ్యాపు."

నేను గుండె బొమ్మను చూశాను, పిల్లను చూశాను. దాని ధైర్యం చూస్తే ఒక్క క్షణం నాకే అనుమానమొచ్చింది. ఎన్నేళ్ళుగా అలా ఊహించి చెబుతూ ఉంటే అంత ధైర్యం వస్తుంది!

మేడం తిట్టలేదు, జాలి కూడా పడలేదు. ఎప్పటినుంచి అని మాత్రం అడిగింది. ఆరో తరగతి నుంచి అంది పిల్ల. సారు బోర్డు మీదిది చదవమంటే తెల్లగా పొగలాగా కనపడేదట. తప్పు చదివితే అందరూ నవ్వుతారు, అల్లరి చేస్తే బయటికి పంపుతారు. బయట గాలి కూడా వస్తుంది. ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, అప్పుడు మాత్రం గొంతు తగ్గింది.

"మా అవ్వ కండ్లల్ల పసరు పోస్తది మేడం. మా చిన్నాయినకు పోసింది. మూడు దినాలు మొత్తుకున్నడు."

గంట కొట్టారు. పిల్లను పంపేశాక మేడమూ నేనూ వరండాలో నిలబడ్డాం. అంతా ఒప్పేసుకుందామని నోరు తెరవబోయాను. ఆమే ముందు అంది.

"మాట్లాడని పిల్ల మూడు పేజీలు ఎట్ల మాట్లాడిందమ్మా? అది చదివిన రోజే తెలిసింది నాకు."

మరి ఇంత దూరం ఎందుకొచ్చారని అడిగాను.

"ఎవల్ని పట్టుకొస్తవో చూద్దామని."

ఆ మాటకు ఆమె నవ్వుతోందో లేదో తెలియలేదు. శిక్ష మాత్రం స్పష్టంగా చెప్పింది. ఆ కేసు చించేయాలి, ఈ పిల్ల కేసు మొదటినుంచి చేయాలి, ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళను ఒప్పించి కంటి దవాఖానకు తీసుకెళ్ళాలి. అవ్వ దగ్గరికి నేను ఒక్కదాన్నే వెళ్ళాలి.

నాకు మేడం కంటే ఆ అవ్వంటేనే ఎక్కువ భయమేసింది. వాళ్ళ ఇల్లు ఊరి చివర, గొర్రెల దొడ్డి పక్కన. తల్లీ తండ్రీ మందను తోలుకుని మేతకు పోయారు. అవ్వ అరుగు మీద కూర్చుని బొంత కుడుతోంది. నేను పరిచయం చేసుకోగానే, ఓట్లు లేని కౌన్సిలర్‌వు నువ్వేనా అంది. మా నాయన మాట అక్కడిదాకా వచ్చిందన్నమాట.

చదువు ప్రకారం నేను సలహా ఇవ్వకూడదు. ఆమె మనసులో ఏముందో వినాలి. విన్నాను. ఆమె మనసులో చాలా ఉంది. అద్దాలు పెడితే ఉన్న చూపు పోతుంది, ఆ పిల్లకు రోగమేమీ లేదు కొవ్వు తప్ప, పసరు పోస్తే మూడు రోజుల్లో అంతా సాఫ్. అరగంట చెప్పింది. చెబుతూ చెబుతూ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. దారం నాలుగుసార్లు పక్కనుంచి పోయింది. ఐదోసారి సూదినీ దారాన్నీ మాటల మధ్యలోనే నా చేతికిచ్చింది. ఎక్కించి ఇచ్చాను.

పాఠాలు మర్చిపోయి అడిగేశాను. "అవ్వా, మీ కండ్లల్ల మీరు పసరు పోసుకోలేదా?"

అవ్వ కుట్టు ఆపింది. నిశ్శబ్దాన్ని ఉండనివ్వాలి కదా, ఉండనిచ్చాను.

"మండుతది బిడ్డా" అంది చివరికి.

తర్వాతి వారం మహబూబ్‌నగర్ దవాఖానకు అవ్వ, పిల్ల, నేను ముగ్గురం బస్సులో వెళ్ళాం. ముందు తన కళ్ళే చూడాలని అవ్వ డాక్టర్ దగ్గర పట్టుబట్టింది. ఆమెకు శుక్లం అన్నారు, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. పిల్లకు అద్దాలు రాశారు. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఎవరి జబ్బు పెద్దదని పోట్లాడుకున్నారు.

అద్దాలు వచ్చిన రోజు నేను బళ్ళోనే ఉన్నాను. పిల్ల అవి పెట్టుకుని వేపచెట్టును చూసింది, ఆకులు విడివిడిగా ఉంటాయా అని అడిగింది. అవునన్నాను. ఇంతలో నావైపు తిరిగి, దగ్గరికొచ్చి, నా మొహాన్ని శ్రద్ధగా చూసింది.

"మేడం, మీకు గిన్ని మచ్చలున్నయా?"

చదువులో మారిపోయి ఫస్టొచ్చిందని రాయాలని నాకూ ఉంటుంది. రాలేదు. లెక్కల్లో గట్టెక్కేది, అంతే. అల్లరి కూడా పోలేదు, కాకపోతే పద్ధతి మారింది. సారు బోర్డు మీద చేసే తప్పులు ఇప్పుడు వెనక బెంచీ నుంచి కనిపించేవి. చేయి ఎత్తి చెప్పేది. వారానికి ఒకసారైనా బయట నిలబడేది.

నేను పదో కేసు మళ్ళీ రాశాను. మాటకు మాట ఒకటిన్నర పేజీ వచ్చింది. అందులో నావి ఆరు మాటలు. మౌనం గురించి ఒక్క ముక్కా లేదు. మేడం చదివి, మూడు పేజీల లెక్కకు తక్కువైందని మార్కులు కోసేసింది. ఇది నిజం కదా మేడం అన్నాను. నిజమేనమ్మా, కానీ రాత బాలేదు, ఆ మొదటిదే చదవడానికి బాగుంది అంది.