బక్కవ్వ ప్రార్థన, దుర్గయ్య గొర్రెపిల్ల

బక్కవ్వకు మెల్లగా ప్రార్థన చేయడం రాదు. కళ్లు మూసుకుని మోకాళ్ల మీద కూర్చుందంటే గొంతు మా క్రైస్తవుల గుడి పైకప్పు దాకా లేచేది. పైగా వారం రోజుల ఊరి సంగతులన్నీ దేవునికి విన్నవించేది. ఎవరి బర్రె ఈనిందో, ఏ అత్తాకోడళ్లకు పడటం లేదో, అన్నీ. కట్టంగూరు దగ్గరి ఆ ఊళ్లో నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఒక ఆదివారం, "తండ్రీ, మా సారు వాక్యం చెప్పేటప్పుడు కునుకు తీస్తుండు, ఆయనకు ఇంటికాడ మంచిగ నిద్ర పట్టనియ్యి" అని వేడుకుంది. నేను ధ్యానంలో ఉన్నానని అందరూ అనుకుంటున్నారని అప్పటిదాకా నా ధీమా.

గుడి ఊడ్చేదీ, గంట కొట్టేదీ ఆమే. తాళంచెవి ఆమె మొలకే ఉండేది. మా ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేర పిడికెడు జొన్నలో బియ్యమో పక్కకు తీసి ఉంచేవారు. ఆ గింజల కోసం బక్కవ్వ కుండ పట్టుకుని నేరుగా వంటింట్లోకే వెళ్లేది. మొగుడు పోయిన నాటి నుంచి ఊళ్లో ఆమెకున్న మర్యాదంతా ఆ కుండే.

అరవై ఒకటిలో కోత పండుగ వచ్చింది. తొలిపంట గుడికి తెచ్చి వేలం వేయడం మా ఆనవాయితీ. గుమ్మడికాయలు, కోళ్లు, జొన్నకంకులు పందిరి కిందికి చేరాయి. బక్కవ్వ ఒక గొర్రెపిల్లను తోలుకొచ్చి గుంజకు కట్టింది. వేలం చూడటానికి వచ్చిన గొర్ల కాపరి దుర్గయ్య దాని చెవి పట్టి చూశాడు. ఎడమ చెవి కొసన రెండు గాట్లు. తన మంద గుర్తు.

"గిది నాది! ఎవరు పట్టుకొచ్చిండ్రు?"

"నేనే బిడ్డా," అంది బక్కవ్వ.

"నీకెవరిచ్చిండ్రు?"

"చెప్పరాదు."

"దొంగలు గట్లనే అంటరు!"

వేలం ఆగిపోయింది. సంఘపెద్ద ఐలేశం ఆమెను పక్కకు పిలిచి బతిమాలాడు. "జర నోరిప్పు అవ్వా. పేరు చెప్తే అయిపాయె."

"మాటిచ్చిన, ఐలేశం. ఏ మనిషికీ చెప్ప."

వచ్చే ఆదివారం దాకా గడువు పెట్టారు. అప్పటికీ చెప్పకపోతే తాళంచెవి, కుండ అప్పగించాలి. గొర్రెపిల్ల ఐలేశం దొడ్లోకి పోయింది.

ఆ వారం రెండిళ్లలో గింజలు గడప బయటికే తెచ్చి పోశారు. ఒకావిడ లేవనేసింది. మా ఇంటికొచ్చి బక్కవ్వ తనంతట తానే వాకిట్లో నిలబడింది.

"లోపలికి రా అవ్వా," అంది నా భార్య.

"వద్దు బిడ్డా. నా న్యాయం తీరినంకనే వస్త."

"ఎవరు తీరుస్తరు?"

"ఎవరు చూసిండ్రో ఆయనే."

ఆదివారం గుడి కిక్కిరిసింది. వాక్యం మీద ప్రేమతో కాదని వేరే చెప్పనక్కర్లేదు. దుర్గయ్య లోపలికి రాకుండా, భుజాన గొంగడితో కిటికీ అవతల నిలబడ్డాడు.

"చెప్తవా అవ్వా?" అన్నాడు ఐలేశం.

"ముందుగాల ప్రార్థన చేసుకుంట," అని ఆమె మోకాళ్లూనింది.

"తండ్రీ, నేను దొంగనా? నువ్వు చూడలేదా? దుర్గయ్య నల్గొండ దవాఖానల కడుపునొప్పితోని మూలుగుతుంటే, ఆయన పెండ్లాం గోపమ్మ నా కొంగు పట్టుకొని ఏడ్సె. 'మీ దేవుడు నా పెనిమిటిని ఇంటికి తోలితే గొర్రెపిల్లనిస్త, ఆయనకు ఎరుకైతే తిడ్తడు, ఎవ్వరికీ చెప్పకు' అనె. నువ్వు తోలినవ్. ఆమె నా చేతికి తాడిచ్చి, తెల్లారి చెల్లె కాన్పుకు కొత్తకోట పాయె. గీ మాట నేనెవ్వరికీ చెప్పలే తండ్రీ, నీకొక్కనికే చెప్తున్న. నా న్యాయం నువ్వే తీర్చు. దుర్గయ్య కోపం తగ్గించు. గా కడుపునొప్పి మళ్ల రానియ్యకు. ఆమెన్!"

తిరిగి ఆమెన్ అనడం మేమందరం మరిచిపోయాం. బక్కవ్వ కళ్లు తెరిచి, కొంగుతో ముక్కు తుడుచుకుని, మొలకున్న తాళంచెవి విప్పింది. "తీస్కో ఐలేశం. నేనైతే చెప్ప."

కిటికీ అవతలి నుంచి సన్నగా వినిపించింది. "నా పానానికి మొక్కిందా, గోపమ్మ?"

బక్కవ్వ అదిరిపడింది. "అయ్యో బిడ్డా! నీకెవరు చెప్పిండ్రు?"

ఇక ఎవరికీ నవ్వాగలేదు. నేను పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. పాపం, సూదిమందుతోనే లేచి తిరుగుతున్నానని దుర్గయ్య నెల రోజులుగా ఊరంతా చెప్పుకుంటున్నాడు. చెప్పులు విడిచి, మొదటిసారి గుడిలోకి వచ్చాడు.

"నా పానానికి ఒక్క పిల్లనేనా? పొట్టేలునన్న మొక్కకపాయె," అని గొణిగాడు.

"గా ఒక్కదానికీ దేవునితోని బేరమాడిందేమో," అన్నాడు ఐలేశం, తాళంచెవిని బక్కవ్వ చేతిలోనే పెట్టి మూస్తూ.

"తప్పయింది బక్కవ్వా. గొర్రెపిల్ల మీ గుడిదే," అన్నాడు దుర్గయ్య.

ఆమె మాత్రం తల పట్టుకుంది. "గోపమ్మకు నేనేం మొకం చూపియ్యాలె?"

రెండు వారాలకు గోపమ్మ బస్సు దిగేసరికి బక్కవ్వ రోడ్డు మీదే ఎదురుచూస్తోంది. "నోరు జారిన బిడ్డా," అంది ఏడుపు గొంతుతో.

"ఎవరితోని?"

"దేవునితోని."

గోపమ్మ నెత్తిన మూటతో సహా అక్కడే కూలబడి నవ్వింది. ఆ మర్నాటి నుంచి ఆమె పొయ్యి పక్కనా ఒక గింజల ముంత వెలిసింది. దాని కోసం బక్కవ్వ ఎప్పటిలాగే నేరుగా వంటింట్లోకి నడుస్తుంటే, దుర్గయ్య దొడ్లో నుంచి కేకేసేవాడు.

"అవ్వా, మా ఇంటి సంగతులు జర నిమ్మలంగ చెప్పే, నీ దేవునికి!"