ఆదివారం బయట తినే మొక్క

నాకు సంతకం వరకే వచ్చు. అందుకే నోటితో చెబుతున్నాను.

మా ఆయన నంది కొండ దగ్గర ఒక నర్సరీలో పని చేసేవాడు. పోయేముందు ఏడాది పెరుగు డబ్బాలో ఒక మొక్క తెచ్చాడు. అరచేతంత ఉంటుంది. ఆకుల నిండా ఎర్రటి వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొనకు ఒక జిగురు బొట్టు. పురుగు వాలిందంటే అతుక్కుపోతుంది. ఆకు మెల్లగా ముడుచుకుని దాన్ని తినేస్తుంది. "దీనికి నువ్వు వండే పని లేదులే" అని నా చేతిలో పెట్టాడు. కాపురం మొత్తంలో నాకు ఆయన తెచ్చిన మొక్క అదొక్కటే.

దాన్ని సాకడం ఒక తిక్క పని. పేడ వేస్తే చస్తుంది. బోరు నీళ్లు పోస్తే చస్తుంది. వాన నీళ్లు బిందెల్లో పట్టిపెట్టి, డబ్బా కింద పళ్లెంలో పోయాలి. ఇసుక, కొబ్బరి పొట్టు, ఎండ చాలు. మేలు చేయబోతే చచ్చే మొక్క.

ఆయన పోయాక చింతామణి ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇంటామె వాళ్లది అంగడి పెట్టుకున్న కుటుంబం. చేరిన రోజే చెప్పింది.

"మా ఇంట్లో నీసు రాకూడదమ్మా. వస్తే ఆ నెలే ఖాళీ చెయ్యాల."

ఆ అద్దెకు ఇంకో గది దొరకదు. సరేనన్నాను. డబ్బాను ఎండ తగిలే చోట, ఆమె తులసి పక్కనే పెట్టాను. పొద్దున్నే బొట్లు మెరవడం చూసి, ఇంటామె తులసికి పెట్టే దండమే దీనికీ పెట్టేది. అదేం తింటుందో నేను చెప్పలేదు. ఒకరోజు దండం పెట్టి కళ్లు తెరిచేసరికి, ఆకు మీద చిన్న ఈగ కాళ్లు కొట్టుకుంటోంది.

"ఏం చేస్తాండాది ఇది?"

"తింటాండాదమ్మా."

"ఇన్ని దినాలు నేను దండం పెట్టింది దీనికా?"

"నేను పెట్టమన్లేదు కదమ్మా."

"నెలాఖరుకు అదన్నా పోవాల, నువ్వన్నా పోవాల."

మరునాడు ఆమే ఒక ఉపాయం చేసింది. పెరుగన్నం మెతుకు ఒకటి ఆకు మీద పెట్టింది. అలవాటు చేస్తే అదే తింటుందట. మూడు రోజులకు ఆ ఆకు కుళ్లి నల్లబడింది.

"నా ఇంట్లో చేరినాక నువ్వు నీసు మానినావు కదా. దీనికేం రోగం?"

"నేను యాడ మానినానమ్మా. ఆదివారం మిట్టేమరిలో మా చెల్లెలింట్లో తిని, తలకు పోసుకోని వస్తాండా."



"బయట తిని పోసుకోని వస్తే నాకేం అడ్డం లేదు. దాన్నీ ఎత్తుకోని పో."

వారమంతా ఇంటామె మొక్క మీద దోమతెర ముక్క కప్పి ఉపవాసం ఉంచేది. ఆదివారం దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేదాన్ని. చెల్లెలింట్లో నేను సంగటి, కోడికూర తినేదాన్ని. అది పశువుల కొట్టం దగ్గర కూర్చుని దోమలు తినేది. తిరిగొస్తే ఇంటామె గేటు దగ్గర నిలబడి ఉండేది.

"ఇద్దరూ పోసుకున్న్యారా?"

"దీనికి నెత్తిన పోస్తే జిగురు పోతాదమ్మా. కాళ్లకు పోసినా."

"చాల్లే. ముసిలోళ్లకూ అంతే."

మొన్న నాకు జ్వరమొచ్చి రెండు ఆదివారాలు పోలేకపోయాను. నీళ్లూ ఎండా ఉంటే అది బతుకుతుందని చెప్పినా ఆమె వినలేదు. "నా ఇంట్లో పస్తుండి చస్తే ఆ పాపం నాకు" అని డబ్బా తీసుకుని ప్రహరీ బయట చెత్తకుప్ప దగ్గరికి పోయింది. దోమతెర ఎత్తి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది. కిటికీలోంచి నేను చూస్తున్నాను.

"తింటాండాదా చూడు," అంది అటు తిరిగే.

"తింటాండాదమ్మా."

"నిదానంగా తిననీ."

తరువాత గేటు దగ్గరే మొక్క పళ్లెంలో వాన నీళ్లు పోసింది. మిగిలినవి తన కాళ్ల మీద పోసుకుని లోపలికి వచ్చింది. డబ్బాను మళ్లీ తులసి పక్కనే పెట్టింది. ఖాళీ చెయ్యమన్న నెలాఖరు దాటి నాలుగు రోజులైంది.